జాడీ ఎక్కిన రైలు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగు పొయ్యి నూరేళ్లుగా మండుతూనే ఉంది. ఆవ బెంగాల్‌ది, బియ్యం బర్ధమాన్‌ది, బెల్లం ఒక్కోసారి ఈతచెట్టుది. వంట పేరు మాత్రం ఊరిదే.

మే నెల చివర్లో విశాఖ వైపు నుంచి హౌరా పోయే ఏ రైలైనా ఎక్కి, స్లీపర్ బోగీలో కింది బెర్తుల కిందికి ఒకసారి వంగి చూడాలి. సూట్‌కేసుల మధ్య, చెప్పుల పక్కన, పాత పంచె ముక్కతో వాసెన కట్టి, దాని మీద పాలిథిన్ కవరు కప్పి, పైన పురికొస బిగించిన జాడీ ఒకటైనా కనబడుతుంది. ఇచ్ఛాపురంతో ఆంధ్రా అయిపోతుంది. బరంపురం, ఖుర్దారోడ్డు, కటక్, బాలాసోర్ ఒక్కొక్కటే వెనక్కిపోతుంటే బండి కుదుపుకి నూనె పైకి తన్ని వాసెన తడుస్తుంది. బోగీ అంతా ఆవఘాటు. జాడీగలావిడ నిద్రలో కూడా ఒక కాలు దానికి ఆనించే పడుకుంటుంది.

ఆ జాడీ దిగే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి గాని, అంతకు ముందు ప్రపంచంలో దానికన్నా పొడవైన ప్లాట్‌ఫారం లేదని తరాల తరబడి పిల్లలు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టారు. పది కిలోల జాడీ చంకన పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి నడిచిన వాళ్లకు ఆ రికార్డు ఏమిటో భుజమే చెబుతుంది.

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, హౌరాకి 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లో తెలుగు వినబడటం వింత కాదు. మథురాకాటి, నిమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ లాంటి రైల్వే పేటల్లో సాయంత్రం పూట నడిస్తే చెవినపడే తెలుగు శ్రీకాకుళానిది, విజయనగరానిది. ముక్కునపడే పోపు కూడా అక్కడిదే. మాటలో బెంగాలీ, హిందీ కలిసిపోయాయి. పోపులోనూ కలిశాయి. ఎంత కలిశాయి, ఏ దినుసు ఒప్పుకుంది, ఏది ససేమిరా అంది అన్నదే ఈ కథ.

పాసు పుణ్యమా అని

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది 1887లో. ఆ కంపెనీ పట్టాలు ఖరగ్‌పూర్ మీదుగా కటక్ దాకా 1899లో కలిశాయి. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరిచారు. అదే ఏడాది ఆగస్టులో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన మీదుగా బండ్లు నడిచాయి. ఉత్తరాన ఒక వంతెన, దక్షిణాన ఒక వంతెన ఒకే సంవత్సరంలో లేవడంతో అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెలకి బెంగాల్ ఒక్కసారిగా దగ్గరైంది. అడవిలో జంక్షన్ వెలిసింది. దాని పక్కన వర్క్‌షాపు లేచింది. పట్టా వేసేవాడు, బొగ్గు తోసేవాడు, ఫిట్టరు, ఖలాసీ, గార్డు, గుమస్తా కావలసి వచ్చారు. ఉత్తరాంధ్ర పల్లెలు వాళ్లను పంపాయి.

ఎంతమంది వచ్చారో, ఎంత గట్టిగా నిలదొక్కుకున్నారో తెలియాలంటే 1927 చాలు. ఆ ఏడు వర్క్‌షాపులో పెద్ద సమ్మె జరిగింది. నడిపించిన నాయకుల్లో ముఖ్యుడు వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన ఆ తెలుగాయనే తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

వచ్చినవాళ్లు మొదట ఒంటరి మగవాళ్లు. తర్వాత భార్యలు వచ్చారు. పొయ్యి వచ్చింది. పొయ్యి వచ్చాక చింతపండు కావాలి, కరివేపాకు కావాలి, ఆవకాయ కావాలి. క్వార్టరు వెనక నాలుగు గజాల జాగాలో కరివేపాకు మొక్క, మునగచెట్టు, నాలుగు అరటి పిలకలు లేచాయి. మునగ బెంగాలీలకూ ప్రాణమే, పువ్వు కూడా వదలరు. కరివేపాకు మాత్రం వాళ్ల వంటలోకి రాదు. అందుకే రైల్వే కాలనీల్లో ఒక పెరట్లో కరివేపాకు చెట్టు కనబడితే ఆ ఇంట్లో తెలుగువాళ్లో, తమిళులో, ఇంకెవరో దక్షిణాది వాళ్లు ఉన్నారని, కనీసం ఒకప్పుడు ఉండి వెళ్లారని లెక్క.

మిగతా సామాను రైలు తెచ్చింది. రైల్వే ఉద్యోగికి జీతం కాక వచ్చే అసలు ఆస్తి పాసు. అయిదేళ్ల సర్వీసు దాటితే ఏటా మూడు సెట్లు, భార్యాపిల్లలతో సహా. పుట్టింటి దూరాన్ని ఇక్కడి ఆడవాళ్లు పాసుల్లో కొలిచారు. ఒక సెట్టు ఏ పెళ్లికో పోయేది. ఇంకొకటి ఒళ్లు బాగోకపోతే అని దాచేవాళ్లు. వేసవి సెలవుల సెట్టు మాత్రం కదిలించడానికి వీల్లేదు, ఎందుకంటే అది ఊరగాయల సెట్టు. వెళ్లేటప్పుడు చేతిలో సందేశ్ పొట్లం, వచ్చేటప్పుడు ఆవకాయ, మాగాయ, కొత్త చింతపండు, చోడిపిండి, అనకాపల్లి బెల్లం దిమ్మ, పలాసలో బండి ఆగిన కాసేపట్లో బేరమాడి కొన్న జీడిపప్పు. ఎండుచేపలు కూడా వచ్చేవి, కాకపోతే వాటి సంగతి బోగీలో మిగతావాళ్లకు తెలియకుండా దాచడం ఒక విద్య.

చరిత్ర పుస్తకాల్లో రైల్వే అంటే బొగ్గు, ఉక్కు, సైన్యం. ఈ జాడీల రవాణా ఏ పార్శిల్ రిజిస్టరులోనూ ఎక్కలేదు. మనిషిని ఊరి నుంచి పెరికి తెచ్చిన కంపెనీయే ఏటా అతని ఊరగాయను ఉచితంగా మోసిపెట్టింది.

ఒకే నెలలో రెండు ఆవలు

వైశాఖం వస్తే బెంగాలీ ఇళ్లలో కాసుంది సీజను. అక్షయ తృతీయ నాడు ఆవాలు కడిగి, ఎండబెట్టి, దంచి, కాచి చల్లార్చిన నీళ్లతో కలిపి పులియబెట్టడం పాత ఆచారం. స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని, మాట్లాడకుండా చేయాలన్న నియమం పెట్టుకున్న ఇళ్లూ ఉండేవి. పచ్చిమామిడి వేస్తే అది ఆమ్ కాసుంది. అదే నెలలో, అదే మామిడికాయతో, అదే ఆవపిండితో, చెయ్యి తడి తగలకూడదు, ముట్టు అంటుకోకూడదు అని కోడళ్లని ఆమడ దూరం నిలబెట్టి తెలుగు ఇంట్లో పెట్టేది ఆవకాయ. గోడకి అటు కాసుంది, ఇటు ఆవకాయ. క్వార్టరు గోడలు పలచన కాబట్టి తుమ్ములు రెండు వైపులా ఒకేసారి వినబడి ఉంటాయి.

ఆవాల దగ్గర బెంగాలీకి, ఉత్తరాంధ్రకి ఉన్న చుట్టరికం చాలామంది గమనించరు. మిగతా దేశంలో చాలాచోట్ల ఆవాలను చిటపటలాడించి ఊరుకుంటారు. నూరి కూరలో కలపడం ఈ రెండు చోట్లా ఇంటింటి విద్య. పనసపొట్టు కూర, కంద బచ్చలి కూర, అరటికాయ కూర ఇవన్నీ ఆవ పెడితేనే కూర. బెంగాలీ షొర్షే బాటా కూడా అంతే. శిల మీద పచ్చిమిర్చి, ఉప్పు వేసి నూరతారు, చేదు రాకుండా.

తేడా ఒకటుంది, అది వంటచేసేవాళ్లకే పట్టుబడుతుంది. బెంగాలీ ఆవముద్దని చేపతో పాటు ఉడకనిస్తాడు, పైన పచ్చి ఆవనూనె పోస్తాడు. తెలుగింట్లో కూర దించి కాస్త చల్లారాకే ఆవ కలుపుతారు. పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కిందని అత్తగారు విస్తట్లో చెయ్యి పెట్టకుండానే చెప్పేస్తుంది. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన కోడళ్లు రెండు పద్ధతులూ ఎరుగుదురు. చేపకి ఒకటి, పనసకి ఒకటి.

పనస గురించి కూడా ఒక మాట. బెంగాల్లో లేత పనసకాయని ఎంచోడ్ అంటారు, మాంసంలా వండుకుంటారు కాబట్టి చెట్టుమేక అని ముద్దుపేరు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో అది ముక్కలుగా దొరుకుతుంది. ఉత్తరాంధ్ర బజార్లలో లాగా కత్తితో సన్నగా కొట్టి పొట్టు చేసి ఇచ్చేవాడు ఉండడు. ముక్కలు తెచ్చి, చేతులకు నూనె రాసుకుని, గంటసేపు ఇంట్లోనే కొట్టుకోవాలి. అంత ఓపిక లేనినాడు ముక్కలకే ఆవ పెట్టేస్తారు. దాన్ని పనసపొట్టు అనాలా వద్దా అన్నది ఆ ఇంటి పెద్దల ఇష్టం.

నూనె దగ్గర మాత్రం రాజీ అంత తేలిగ్గా కుదరలేదు. ఆవకాయకి నువ్వులనూనె ఉండాలి. బెంగాల్లో ఏ కొట్టుకెళ్లినా ముందు కనబడేది ఆవనూనె. ఊరి నుంచి డబ్బాతో తెచ్చుకున్న నూనె సరిపోని ఏడు ఆవనూనెతోనే కానిచ్చేస్తే ఏమవుతుంది? ఆవకాయ చెడిపోదు, బాగానే నిలవుంటుంది. నాలుక మాత్రం బిహార్ ఊరగాయ దగ్గరకో, బెంగాలీ ఆచార్ దగ్గరకో పోయి ఆగుతుంది. ఆవపిండి ఘాటు మీద ఆవనూనె ఘాటు ఎక్కితే మామిడి పులుపు ఎక్కడో అడుగున పడిపోతుంది. ఈ రచయిత ఓటు నువ్వులనూనెకే.

గోంగూర, గోనెసంచి, గ్రీకులు

గోంగూర లేకపోతే ఎలా అనే దిగులు తొలితరానికి ఎక్కువ రోజులు ఉండి ఉండదు. గోంగూర జాతి మొక్కని బెంగాల్లో మెస్తా పేరుతో నార కోసం పొలాల్లో పెంచుతారు. జనుముకి చెల్లెలు లాంటిది. బెంగాలీలు జనపాకు కూర ఇష్టంగా తింటారు, మెస్తా ఆకు మీద మోజు తక్కువ. తెలుగువాళ్లకి ఆ ఆకే కావాలి, నార ఎవరికి కావాలి?

నిజానికి నార కావలసినవాళ్లు చాలామందే ఉండేవారు. ఉత్తరాంధ్రలో గోగు పంట వేసేది నార కోసమే. ఆ నార భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కి పోయేది కాబట్టి ప్రపంచ మార్కెట్లో దానికి బిమ్లీపట్నం జనుము అనే పేరు స్థిరపడింది. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు దాన్ని నమ్ముకుని లేచినవే. ఇటు హుగ్లీ ఒడ్డున జనుము మిల్లుల్లో పనిచేయడానికీ ఆ పల్లెల నుంచే కూలీలు బండ్లెక్కారు. ఊళ్లో గోగు, మిల్లులో జనుము, పళ్లెంలో గోంగూర పచ్చడి.

కలకత్తా జనుము వ్యాపారంలో పెద్ద పేర్లలో ఒకటి ర్యాలీ బ్రదర్స్. ఆ అన్నదమ్ములు గ్రీకులు, కియోస్ ద్వీపం వాళ్లు. ఇంటికి దూరంగా వచ్చి కలకత్తాలో గుడి కట్టుకున్న చిన్న గ్రీకు సమాజం ఒకటి అక్కడ ఉండేది. 1924లో పునాది పడిన వాళ్ల చర్చి కాళీఘాట్‌లో ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ ఇళ్లలో పండగలకు తేనెపాకంలో ముంచిన మెలోమకారోనా, పలచటి పిండిరేకుల మధ్య అక్రోటు పప్పు పరిచిన బక్లావా చేసుకుని ఉంటారని ఊహించడం కష్టం కాదు. గ్రీకులో ఆ పిండిరేకుని ఫిల్లో అంటారు. ఆకు అని అర్థం. ఆత్రేయపురం పూతరేకు తెలిసినవాడికి ఇంతకన్నా విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్లు గోధుమపిండిని కర్రతో ఒత్తి పలచన చేస్తారు, మనవాళ్లు కాలే కుండ మీద బియ్యప్పాలు పూసి రేకు లేపుతారు. అక్కడ వెన్న, తేనె. ఇక్కడ నెయ్యి, బెల్లం.

గ్రీకుల ప్రసక్తి ఇక్కడ మిఠాయి కోసమే తెచ్చింది కాదు. 1922లో స్మిర్నా నగరం తగలబడింది. మరుసటి ఏడు జనాల మార్పిడి ఒప్పందం కుదిరింది. మొత్తం మీద పన్నెండు లక్షల మందికి పైగా సనాతన క్రైస్తవులు ఆసియా మైనరు వదిలి గ్రీసు చేరారు. ఊరు పోయింది, ఇప్పుడది టర్కీలో ఇజ్మీర్. జీలకర్ర, వెల్లుల్లి దట్టించిన మాంసపు ఉండల్ని టమాటా పులుసులో వేసి చేసే వంటకం పేరు మాత్రం గ్రీకు ఇళ్లలో ఈనాటికీ స్మిర్నా సుజుకాకియా. తాపేశ్వరం కాజా, బందరు లడ్డు, మాడుగుల హల్వా అన్నట్టే. ఖరగ్‌పూర్ తెలుగువాడికి అంత విషాదం జరగలేదు. అతని ఊరు అక్కడే ఉంది, రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. అయినా మూడో తరానికి వచ్చేసరికి ఊళ్లో ఇల్లు లేదు, పొలం లేదు, పలకరించేవాళ్లు కరువు. ఊరిపేరు ఎక్కడైనా వినబడితే అది కంచం దగ్గరే. మాడుగుల ఎక్కడుందో మ్యాపులో చూపించలేని పిల్లాడికి కూడా గోధుమపాలతో చేసే ఆ హల్వా నోట్లో ఎలా జారుతుందో తెలుసు.

సంక్రాంతి ముందు రాత్రి

అరిసె గురించి వివరంగా చెప్పకపోతే ఈ ఊరి కథ తెగదు.

అరిసెకి పచ్చిబియ్యం కావాలి. బెంగాల్లో రోజువారీ అన్నానికి వాడేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. కొట్లో చాల్ అంటే అదే ఇస్తాడు. దాన్ని నానబెట్టి పిండి కొడితే అరిసె రాదు, వచ్చినా అప్పడమో బిస్కెట్టో అవుతుంది. కొత్తగా వచ్చిన కోడలు గోల్‌బజార్‌లో నేర్చుకునే మొదటి మాటల్లో ఒకటి ఆతప్. ఆతప్ చాల్ అంటే పచ్చిబియ్యం. పరమాన్నానికైతే గోవిందభోగ్ అని అడగాలి. బర్ధమాన్ వైపు పండే ఆ పొట్టిగింజ సువాసన బియ్యానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలల్లో ఉడికితే వీధంతా తెలుస్తుంది.

ఆతప్ బియ్యం ఒక రాత్రీ ఒక పగలూ నానాలి. నీళ్లు మారుస్తూ ఉండాలి, లేకపోతే పులుపు వాసన. వడగట్టి, గుడ్డ మీద నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే పిండి కొట్టాలి. పిడికిట పడితే ముద్దకట్టాలి, వదిలితే విడిపోవాలి. పాతరోజుల్లో రోలు, రోకలి, నలుగురు ఆడవాళ్లు, ఒకరి పోటు మీద ఒకరి పోటు. ఇప్పుడు తడిబియ్యం పట్టమంటే పిండిమర వాడు ముఖం తిప్పుకుంటాడు. రాళ్లకు అంటుకుపోతుందని వాడి బాధ. మిక్సీలో విడతలు విడతలుగా వేసి, జల్లించి, మళ్లీ వేసి సగం రాత్రి గడుపుతారు.

కిలో బియ్యానికి ఇంచుమించు ముప్పావు కిలో బెల్లం. పాకం దగ్గర కూర్చునేది ఇంట్లో పెద్దావిడే. గిన్నెలో నీళ్లు పెట్టుకుని అందులో ఒక చుక్క వేసి వేళ్లతో చూస్తుంది. కరిగిపోతే ఇంకా కావాలి, మెత్తటి ఉండ కడితే పిండి పోయాలి. ఆ ఉండ గట్టిపడి గిన్నెకి తగిలి టంగుమంటే ఇక అరిసె బదులు ఇటుక తినాలి. పిండి పోసేవాళ్లు ఒకరు, తెడ్డుతో తిప్పేవాళ్లు ఒకరు. ఈ క్షణంలో తలుపు తట్టినా ఎవరూ లేవరు. ఏలకుల పొడి, నెయ్యి, అద్దడానికి నువ్వులు. నూనెలోంచి తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య ఒత్తితే మిగిలిన నూనె జారిపోతుంది. ఒత్తే పని మగపిల్లలది. వేళ్లు కాలడమూ, మొదటి అరిసె నోట్లో వేసుకోవడమూ ఆ ఉద్యోగంలో భాగం.

ఇంతవరకు తెలుగునేలంతా ఉన్నదే. ఖరగ్‌పూర్ విశేషం ఇక మొదలవుతుంది. అదే రాత్రి పక్క క్వార్టరులో ఒడియా కుటుంబం అరిసా పిఠా చేస్తోంది. బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, నూనె. పేరు కూడా దాదాపు అదే. రెండిళ్ల అవతల బిహారీ ఇంట్లో అనర్సా ఉంది, ఆ వెనక వరసలో తమిళుల అధిరసం ఉంది. పద్ధతిలో చిన్నచిన్న తేడాలు. నాలుగు భాషలు, నాలుగు మూకుళ్లు, ఒకటే వంట. దేశంలో వేరే చోట ఈ నాలుగూ పోల్చి చూడాలంటే వేల కిలోమీటర్లు తిరగాలి. ఇక్కడ గిన్నె పట్టుకుని నాలుగు గడపలు ఎక్కితే చాలు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న తగువు మాత్రం తేలదు, తేలకపోవడమే బాగుంది. తేలితే తినడం మానేసి వాదించుకుంటారు.

బెంగాలీలకి అదే రోజు పౌష పర్వం. పిఠే పులి, పాటిషాప్టా, దూధ్ పులి. వాటన్నిటికీ ప్రాణం నొలెన్ గుడ్, చలికాలపు కొత్త బెల్లం. అది ఈతచెట్టు బెల్లం. మనవాళ్లకి ఈతచెట్టు అంటే కల్లుముంత గుర్తొస్తుంది. బెంగాలీ అదే చెట్టుకి రాత్రి కుండ కట్టి, పొద్దు పొడవక ముందే దింపి, ఆ నీరాని కాచి బెల్లం చేస్తాడు. పొగ వాసన, కాస్త పూల వాసన, కాస్త చేదు జీర. ఈ బెల్లంతో అరిసె పాకం పట్టి చూడాలన్న ఆశ ఖరగ్‌పూర్ తెలుగిళ్లలో ఏదో ఒక చలికాలం పుట్టకుండా ఉండదు. దిమ్మకట్టిన పాటాలీ అయితే పాకం వస్తుంది, కుండలో జారుగా అమ్మేదైతే రాదు. వచ్చిన అరిసె బాగుంటుంది గాని కళ్లు మూసుకుని తింటే అది అరిసె అని ఎవరూ అనరు. చెరకు బెల్లంలో ఉండే ఆ కొంచెం ఉప్పదనం అరిసెకి కావాలి. పరమాన్నం సంగతి వేరు. గోవిందభోగ్ బియ్యం, చిక్కటి పాలు, పొయ్యి మీంచి దించి చల్లబడ్డాక కలిపిన నొలెన్ గుడ్. పాలు విరగకుండా బెల్లం చివర్లో కలపాలన్న జాగ్రత్త పాయేష్‌కీ పరమాన్నానికీ ఒకటే. ఈ ఒక్కచోట అనకాపల్లి ఓడిపోయిందని ఒప్పుకోవాలి.

సారె పళ్లెం

మిఠాయి ఊళ్లోకి బయల్దేరేది పెళ్లిళ్లకే. ఉత్తరాంధ్రలో అమ్మాయిని కాపురానికి పంపితే సారె పెట్టాలి. లడ్లు, కాజాలు, అరిసెలు, మైసూర్‌పాకులు, జంతికలు, చలిమిడి కావిళ్లతో వెళ్లేవి. వచ్చిన సారె ఇంట్లో దాచుకోరు, పేట మొత్తానికి పంచాలి. రైల్వే కాలనీలో పేట అంటే బెంగాలీలు, ఒడియాలు, బిహారీలు, పంజాబీలు, ఆంగ్లో ఇండియన్లు. బెంగాలీలకి సారె అర్థమవడానికి క్షణం పట్టదు, వాళ్ల పెళ్లిలో తత్త్వ అని అచ్చం ఇలాంటిదే ఉంది. అలంకరించిన పళ్లేల్లో మిఠాయిలు, బట్టలు, పెళ్లికూతురిలా చీర చుట్టిన పెద్ద చేప. చేప దగ్గర మాత్రం సారె చేతులెత్తేసింది.

ఆంగ్లో ఇండియన్ల సంగతి చెప్పకుండా వదలకూడదు. కంపెనీ రోజుల్లో డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు ఎక్కువగా వాళ్లే. క్రిస్మస్ ముందు వాళ్ల ఇళ్లలో కుల్‌కుల్ చేస్తారు. పిండిముద్దని ఫోర్కు వెనక వైపో దువ్వెన మీదో అదిమి చుడితే గీతలతో గవ్వలా ముడుచుకుంటుంది, నూనెలో వేయించి పంచదార పాకం పట్టిస్తారు. తెలుగింట్లో అదే ఉండని గవ్వల చెక్క మీద బొటనవేలితో దొర్లిస్తారు. పాకం బెల్లానిది, పేరు గవ్వలు. డిసెంబరు చివర్లో అక్కడి నుంచి ఒక పళ్లెం కుల్‌కుల్ వస్తే, రెండు వారాల తర్వాత పండక్కి ఆ పళ్లెంలోనే గవ్వలు తిరిగెళ్లేవి. ఖాళీ పళ్లెం తిరిగివ్వకూడదన్నది ఈ దేశంలో ఏ మతమూ కాదనని ఆచారం.

వేసవికి ముందు తెలుగు పేటల్లో మాతాపూజ జరుగుతుంది. ఘటాలు, పసుపు నీళ్లు, వేపమండలు, డప్పులు. అమ్మవారికి చలిమిడి, చద్దన్నం, పెరుగు. వేడి వంట పెట్టరు, అమ్మవారు చల్లబడాలి. బెంగాలీలకూ శీతలాదేవి ఉంది. సరస్వతీ పూజ మర్నాడు పొయ్యి వెలిగించకుండా, ముందురోజు ఉడకబెట్టిన గోటా సెద్ధో చల్లగా తినే ఇళ్లు ఎన్నో. అమ్మోరికి చద్ది పెట్టాలన్న మాట ఇక్కడ అనువాదం అక్కర్లేకుండానే చెల్లిపోయింది.

చేప ఒకటే

ఖరగ్‌పూర్‌కి అట్టే దూరం లేదు కోలాఘాట్. అక్కడి రూప్‌నారాయణ్ ఇలిష్ అంటే బెంగాలీ కళ్లు చెమరుస్తాయి. ఆ ఇలిష్, గోదావరి పులస ఒకటే చేప. సముద్రంలోంచి నదికి ఎదురెక్కుతుంది, తీపినీళ్లలో రుచి తేలుతుంది, ముళ్లతో ప్రాణం తీస్తుంది. బెంగాలీ దాన్ని ఆవముద్దలో ఆవిరి మీద ఉడికిస్తాడు. చింతపండు సంగతి ఎత్తితే చెవులు మూసుకుంటాడు. గోదావరివాడు మట్టికుండలో పులుసు పెట్టి, రాత్రంతా ఉంచి, మర్నాడు తింటాడు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్రవాళ్లు, పుస్తెలమ్మి పులస తినే బాపతు కాదు. అయినా వానాకాలంలో ఇలిష్ ధర దిగిన రోజున తెలుగింట్లో పంచాయితీ తప్పదు. ముసలాయనకి పులుసు కావాలి, బెంగాలీ స్నేహితుల ఇళ్లలో తిని పెరిగిన మనవడికి షొర్షే ఇలిష్ కావాలి. రాజీ ఏమిటంటే తల, తోక పులుసులోకి, నడిమి ముక్కలు ఆవలోకి. ఈ పంపకంలో ముసలాయనకి అన్యాయం జరిగిందని పైకి అనిపిస్తుంది గాని, పులుసు రుచంతా తలలోనే ఉందని ఆయనకు తెలుసు.

ఇప్పుడు

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి రాష్ట్రంలో అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నదే అది. కాగితం మీద గుర్తింపు వచ్చేనాటికి ఇళ్లలో తెలుగు చదివేవాళ్లు తగ్గారు. మనవలు తెలుగు మాట్లాడతారు, రాయరు. బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఆటలో బెంగాలీ. వంటింట్లో మాత్రం మూకుడు, చిల్లులగరిటె, ఇగురు, తాలింపు, వాసెన అనే మాటలు ఇంకా బతికున్నాయి. ఆ వస్తువుకి ఇంకో భాషలో పేరు వాళ్లకు తెలియదు కాబట్టి.

జాడీల రవాణా తగ్గింది. ఉద్యోగం ఉన్నంతకాలం వచ్చే పాసులు రిటైరయ్యాక పలచబడతాయి. పిల్లలు రైల్వేలో చేరడం తగ్గి బెంగుళూరు, హైదరాబాదు పట్టారు, వాళ్లకు పాసు లేదు. అత్తమ్మ, పెద్దమ్మ పోయాక ఊళ్లో ఊరగాయ పెట్టిచ్చే చెయ్యి లేదు. గోంగూర పచ్చడి, ఆవకాయ సీసాల్లో కొనుక్కోవచ్చు. ఆ సీసా మీద ఉన్న ఊరు చాలాసార్లు గుంటూరు, అమ్మమ్మ ఊరు పాలకొండ. కారం ఎక్కువ, ఆవ తక్కువ అని సణుగుతూనే తింటారు.

ఇంకో మార్పు అటువైపు జరుగుతోంది. రిటైరై విశాఖలోనో, విజయనగరంలోనో ఫ్లాటు కొనుక్కుని వెనక్కి వెళ్లినవాళ్లు కొందరున్నారు. జీవితమంతా ఊరికి పోవాలని తపించి, పోయాక వాళ్లకి ఆదివారం మధ్యాహ్నం ఆలూ పోస్తో తినాలనిపిస్తుంది. గసగసాలు అక్కడ మసాలా దినుసు, గుప్పెడు నూరి కూర చేస్తామంటే పక్కింటివాళ్లు ధర గుర్తుచేస్తారు. ఘాటైన ఆవనూనె, గోవిందభోగ్, కాసుంది సీసా, చలికాలంలో పాటాలీ. వీటి కోసం ఖరగ్‌పూర్‌లో ఉండిపోయిన తమ్ముడికి ఫోను చేస్తారు. డిసెంబరులో ఆ తమ్ముడు దక్షిణం వైపు పోయే బండెక్కుతాడు. సీటు కింద, చెప్పుల పక్కన, మూడు పొరల గుడ్డ చుట్టి పురికొస బిగించిన మట్టికుండ. లోపల జారుగా నొలెన్ గుడ్. బాలాసోర్ దాటేసరికి కుదుపుకి మూత తడిసి బోగీలో పొగవాసన లేస్తుంది. అతను నిద్రలోనే కాలు చాచి కుండకి ఆనిస్తాడు.